సందె అతుకు

ఆవిరయ్య అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. ఇరవై రెండేళ్ళు బాయిలర్ ముందు నిలబడ్డ మనిషికి పేరెక్కడ మిగులుతుంది, ఆవిరే మిగులుతుంది అని ఇస్త్రీ గదిలో ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆయన కోప్పడేవాడు కాదు. సగం మాటలు ఆయనకు వినపడేవే కావు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో ఉండి ఉండి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిచెవికి మాట అందాలంటే దగ్గరికి వెళ్ళి, ముఖంలో ముఖం పెట్టి చెప్పాలి. అప్పుడు కూడా ఆయన వినేది సగమే, పెదవులు చూసి పట్టుకునేది సగం. చెవులు చేయాల్సిన పని కూడా కళ్ళ మీదే పడింది.

అది పెద్ద లాండ్రీ. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ పక్కగుడ్డలు అన్నీ అక్కడికే వచ్చేవి. ముందు ఉతికే గది, పక్కన ఇస్త్రీ గది, మధ్యలో సిమెంటు వాకిలి. వాకిలికి అవతల, మందపాటి గోడలతో, ఒంటరిగా బాయిలర్ గది. దాన్ని అంత దూరంగా ఎందుకు కట్టారని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే పాతవాళ్ళు మాట మార్చేవారు.

రోజూ సాయంత్రం అయిదున్నరకు ఆవిరయ్య భార్య ఫ్లాస్కులో టీ తీసుకుని అక్కడికి వెళ్ళేది. ఇల్లు రెండు వీధుల అవతలే. ఇస్త్రీ గదిలో అందరికీ ఆమె వదిన. గ్లాసులు రెండు పట్టుకెళ్ళేది. ఒకటి పగటి షిఫ్టు దిగే మొగుడికి, ఒకటి రాత్రి షిఫ్టు ఎక్కే తమ్ముడికి. తమ్ముణ్ణి ఆమే పెంచింది. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకు పెళ్ళయి ఏడాది. కాపురానికి పెట్టెతో పాటు వాణ్ణీ తెచ్చుకుంది. తర్వాత ఆమె కడుపున ఎవరూ పుట్టలేదు. వాడు పెద్దయ్యాక బాయిలర్ పనిలో పెట్టించిందీ, చేతులు పట్టుకుని పని నేర్పిందీ ఆవిరయ్యే.

ఆయన నేర్పింది ఎక్కువేమీ లేదు, కానీ వెయ్యిసార్లు నేర్పాడు. బాయిలర్ పక్కన వేలెడు లావు గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అందులో కనిపిస్తుంది. సగానికి పైన ఉన్నంతకాలం బాయిలర్ ఒక పనిముట్టు. గొట్టం ఖాళీ అయిందా, అది పనిముట్టు కాదు. అప్పుడు కంగారుపడి నీళ్ళు పోయకూడదు. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే బాయిలర్ పేలిపోతుంది, అంతే సంగతులు. మంట లాగేసి బయటికి పరిగెత్తాలి.

ఇంకొకటి అడుగు మడ్డి సంగతి. రోజంతా మరిగిన నీళ్ళలోని మురికి బాయిలర్ అడుగున పేరుకుంటుంది. షిఫ్టు మారేటప్పుడు కింది చక్రం తిప్పి ఆ నీళ్ళు కాస్త వదలాలి. అవి గోడకు అవతల, వాకిట్లో ఒక మూల ఉన్న గుంటలోకి పోతాయి. ఇరవై అంకెలు లెక్కపెట్టి మూసేయాలి. దీనికి ఆవిరయ్య తనే ఒక పద్ధతి పెట్టాడు. దిగేవాడు చక్రం తెరవాలి, ఎక్కేవాడు మూయాలి. ఇద్దరి చేతులూ దాని మీద పడితేనే బాయిలర్ చేతులు మారినట్టు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి, కానీ ఇరవై రెండేళ్ళలో తప్పలేదు.

ఆ లాండ్రీలో ఆరుగంటలకు కూత వేశాక పగటివాళ్ళు, రాత్రివాళ్ళు వాకిట్లో ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడేవారు. ఆడవాళ్ళది చివర వేరే వరస. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకునేవారు. ముసలి గుమాస్తా ముందుకొచ్చి నాలుగు మాటల ప్రార్థన చెప్పేవాడు. దాన్ని వాళ్ళు సందె అనేవారు. సందెకి నిలబడ్డావా, సందె అయ్యాక మాట్లాడుకుందాం, ఇవాళ సందె తొందరగా ముగించాడు గుమాస్తా, ఇంట్లో కూర మాడుతోందేమో. ఇలా ఆ మాట అందరి నోళ్ళలోనూ నలిగేది. దానికి అర్థమేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. మన పేరుకు అర్థం మనం అడుగుతామా ఏమిటి?

అడగాల్సిన రోజు ఒక వానాకాలంలో వచ్చింది. వరసలో నిలబడ్డ ఆవిరయ్య ఎందుకో మధ్యలో కళ్ళు తెరిచాడు. బాయిలర్ గది తలుపు కింద నుంచి తెల్లగా ఆవిరి పాకుతూ వస్తోంది. పరిగెత్తి చూస్తే ఒక గొట్టం అతుకు వదిలింది. పెద్ద ప్రమాదమేమీ కాలేదు, బిగిస్తే సరిపోయింది. కానీ వాకిట్లో నలభైమంది ఉన్నారు. పగటివాళ్ళు ఉన్నారు, రాత్రివాళ్ళు ఉన్నారు. ఒక్కరూ చూడలేదు. రాత్రివాళ్ళింకా ఎక్కలేదు కనుక పగటివాళ్ళు చూస్తారనుకున్నారు. కూత పడింది కనుక తమ పని అయిపోయిందని పగటివాళ్ళు అనుకున్నారు. ఆ రాత్రి ఆవిరయ్య సరిగా తినలేదు.

మర్నాడు సెలవు. పై వాటాలో ఉండే వ్యాకరణం మాస్టారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తోడుగా భార్యా, ఆమె తమ్ముడూ కూడా వెళ్ళారు, ఆయనకు వినపడకపోతే చెప్పాలి కదా. సందె అంటే ఏమిటండీ అని ఆవిరయ్య అడిగాడు. మాస్టారు పదవీ విరమణ చేశాక ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అందుకని కుర్చీలో సర్దుకుని మరీ చెప్పాడు. అసలు మాట సంధ్య. అది వాడుకలో అరిగి అరిగి సందె అయింది, కొందరి నోట సంజ అయింది. ఆ సంధ్య ఎక్కడిదంటే పెద్దలు రెండు దారులు చూపిస్తారు. ఒకటి సంధి. సంధి అంటే కలయిక, అతుకు. పగలూ రాత్రీ అతుక్కునే చోటు కనుక సంధ్య. రెండోది ధ్యానం. ఆ వేళ బాగా ధ్యానం చేస్తారు కనుక సంధ్య. ఈ రెండింటిలో ఏది ముందో ఆయన చెప్పలేదు. మీకు నచ్చింది తీసుకోండి అని నవ్వాడు.

మెట్లు దిగేటప్పటికే బావా బావమరుదులిద్దరూ చెరొకటి తీసేసుకున్నారు. తమ్ముడికి ధ్యానం నచ్చింది. వాడికి సందె అంటే ఇష్టం. ఆ అయిదు నిమిషాలూ అమ్మ గుర్తొస్తుందని ఒకసారి అక్కతో అన్నాడు. ఆవిరయ్యకు మాత్రం అతుకు అనే మాట బుర్రలో మేకులా దిగింది.

"అతుకంటే నాకు తెలుసు," అన్నాడు, ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పుతూ. "ఇనుము ఎంత మంచిదైనా కారేది అతుకు దగ్గరే. పగలు దాన్ని వదిలేస్తుంది, రాత్రి ఇంకా పట్టుకోదు. అలాంటి చోట కళ్ళు మూసుకు నిలబడమన్నదెవరు? ఆ పెద్దలెవరో కళ్ళు తెరుచుకుని ఉండమనే చెప్పుంటారు. మనమే తిరగేసుకున్నాం."

మర్నాటి నుంచి ఆయన సందెకు రావడం మానేశాడు. అందరూ వాకిట్లో నిలబడితే తను బాయిలర్ ముందు గాజు గొట్టం వైపు చూస్తూ నిలబడేవాడు. సందె అయ్యాక బావమరిది లోపలికి వస్తే, అప్పుడు చక్రం తెరిచేవాడు.

మొదట నవ్వుకున్నారు. ఆవిరయ్యకి దేవుడు గాజు గొట్టంలో కనిపిస్తున్నాడట, అక్కడే దండం పెట్టుకుంటున్నాడట అని ఇస్త్రీ గది ఆడవాళ్ళు అంటే వదిన కూడా నవ్వింది. నెల తిరిగేసరికి నవ్వులు పోయాయి. నలభైమందీ నిలబడేచోట ఒక్కడు నిలబడకపోతే, ఆ ఒక్కడి ఖాళీ నలభైమంది కంటే పెద్దగా కనిపిస్తుంది. ఒక రోజు ఉతికే యంత్రం బెల్టు తెగితే అది ఆయన పాపమే అన్నారు. ఇంకో రోజు ఒకావిడ చెయ్యి కాలితే అదీ ఆయన ఖాతాలోనే వేశారు. మేస్త్రీ పిలిచి మందలించాడు. ఆవిరయ్య వినపడనట్టు ఊరుకున్నాడు. నిజంగానే వినపడలేదేమో కూడా.

అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది తమ్ముడు. సందె అంటే షిఫ్టు చేతులు మారడం. ఆ వేళ బావ బాయిలర్ దగ్గర కాపలా ఉన్నాడంటే, ఎక్కేవాడి మీద నమ్మకం లేదని పదిమందిలో చాటినట్టే కదా. అలా అని ఎవరో వాడి చెవిలో వేశారు కూడా. వాడు ఒక రోజు టీ గ్లాసు తాగకుండా కింద పెట్టేశాడు.

"బావకి నా చేతుల మీద నమ్మకం లేదక్కా. ఇంకా ఆరేళ్ళ పిల్లాణ్ణే అనుకుంటున్నాడు."

అది కాదురా అని ఆమె చెప్పబోయింది. వాడు వినలేదు. ఆ రోజు నుంచి బావా బావమరుదులకు మాటలు లేవు. చక్రం ఒకడు తెరవడం, ఒకడు మూయడం, మధ్యలో ఒక్క పలుకు లేదు. ఇంట్లో ఒకడు తినేవేళకు ఇంకొకడు పడుకునేవాడు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. వదిన ఇద్దరికీ వేర్వేరుగా వడ్డించేది, ఇద్దరితో వేర్వేరుగా మాట్లాడేది. ఇంట్లో గోడ లేదు కానీ ఆమె రోజుకు పదిసార్లు దాన్ని దాటేది. లోకంలో ఆమెకున్నది ఆ ఇద్దరే. వాళ్ళు మళ్ళీ ఒక చోట కూర్చుని టీ తాగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

ఇంతలో గుమాస్తాకు గొంతు పోయింది. ప్రార్థన ఇక వంతులవారీగా చెప్పాలని మేస్త్రీ నిర్ణయించాడు. తమ్ముడి వంతు వచ్చింది. వాడు మూడు రోజులు అద్దం ముందు నిలబడి మాటలు కూర్చుకున్నాడు. వదిన చూస్తూ ఉంది. ముందురోజు రాత్రి మొగుడి దగ్గర కూర్చుని, ఆయన ముఖం తనవైపు తిప్పుకుని అడిగింది.

"రేపొక్క రోజు వరసలో నిలబడు. వాడి కోసం కాదు, నా కోసం. అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల్లో ఏం మునుగుతుంది?"

ఆయన చాలాసేపు ఆమె పెదవులవైపే చూశాడు, ఇంకేదైనా అంటుందేమో అన్నట్టు. తర్వాత సరే అన్నాడు. ఆయన అంత తొందరగా సరే అనడం ఆమెకు ఎందుకో బాగా అనిపించలేదు. అయినా సంతోషపడింది.

మర్నాటి సాయంత్రం ఎండ పచ్చగా, మురికిగా ఉంది. గాలి లేదు. పొగగొట్టం నుంచి వచ్చిన పొగ పైకి పోకుండా వాకిలి మీదే వేలాడుతోంది. బావ వరసలో నిలబడతాడని తెలిసి తమ్ముడు ఆరుకు ముందే బాయిలర్ గదిలోకి వెళ్ళాడు. వదిన గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. నాలుగు నెలల తర్వాత మాట్లాడుకుంటున్నారు. చొక్కా బాగుందిరా అని ఆయన అంటున్నాడు, అక్కే కొన్నది అని వాడు అంటున్నాడు. ఆవిరయ్య చెయ్యి చక్రం మీద ఉంది. అప్పుడే తెరిచాడు. కూత పడింది.

"అందరూ నిలబడ్డారు. ఇద్దరూ రండి, తొందరగా," అని ఆమె పిలిచింది. ఆయనకు వినపడదని చేత్తో కూడా పిలిచింది.

తమ్ముడు బావ చేతివైపు చూశాడు. చక్రం మీద ఉన్నది బావ చెయ్యి. ప్రార్థన చెప్పాల్సినవాడు వెళ్ళాలి, బావ మూసి వస్తాడు అనుకున్నాడు. ఆవిరయ్యేమో తీసుకునేవాడు వచ్చాడు, మూయడం వాడి పని, వాడి పని నేను చేస్తే మళ్ళీ నమ్మకం లేదనుకుంటాడు అనుకుని చెయ్యి తీసేశాడు. ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ బయటికొచ్చారు. ఆమె వెనక నడిచింది.

ఆడవాళ్ళ వరసలో చివరిచోటు ఖాళీగా ఉంటే అక్కడ నిలబడింది. అది గుంట పక్కనే. తమ్ముడు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎదుటి వరసలో ఆవిరయ్య కూడా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద నరం మాత్రం ఉబ్బి ఉంది.

గుంటలో చప్పుడు వస్తోంది. గుడగుడ, మధ్యలో చిన్న బుస. ఆమెకు అది రోజూ తెలిసిన చప్పుడే. ఇన్నేళ్ళుగా వింటూ తనూ లోపల లెక్కపెట్టుకునేది. ఇవాళా లెక్కపెట్టింది. ఇరవై అయింది. ఆగలేదు. పగలంతా పనిచేసిన చేతులకు విశ్రాంతి ఇవ్వు అంటున్నాడు తమ్ముడు. నలభై. రాత్రంతా పనిచేసే చేతులకు బలం ఇవ్వు. అరవై. ఇవాళ మడ్డి ఎక్కువ ఉందేమో. ఇద్దరు పనివాళ్ళు లోపలి నుంచే కదా వచ్చారు, వాళ్ళకు తెలియదా, నాకు తెలుస్తుందా. తొంభై. తమ్ముడు రాసుకున్న మాటలు అయిపోయాయి. వాడు ఆగి, రాసుకోనివి చెప్పడం మొదలుపెట్టాడు. నాకు పని నేర్పినవాళ్ళని చల్లగా చూడు, వాళ్ళ కోపాన్ని నేను అర్థం చేసుకునేలా చెయ్యి అన్నాడు. పక్కనున్న ఇస్త్రీ ఆవిడ ముక్కు ఎగబీల్చింది. వదిన నోరు తెరిచింది. నలభైమంది కళ్ళు మూసుకుని ఉన్నారు. నాలుగు నెలల తర్వాత తన మనుషులిద్దరూ ఒక వాకిట్లో నిలబడ్డారు. ఇప్పుడు కేక వేస్తే ఇదంతా చెదిరిపోతుంది. మళ్ళీ ఎవరు మర్చిపోయారు అని మొదలవుతుంది. ఇంకొక్క మాట, అయిపోతుంది, అయ్యాక చెబుదాం అనుకుని నోరు మూసుకుంది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసింది.

ప్రార్థన అయింది. తమ్ముడు నవ్వుతూ అందరికంటే ముందు బాయిలర్ గదిలోకి వెళ్ళాడు. ఆవిరయ్య ఇంకా వాకిలి సగంలో ఉన్నాడు. తలుపులోంచి ఆయనకు గాజు గొట్టం కనిపించింది. అందులో ఏమీ లేదు. పక్కనే నీళ్ళ పంపు మీదికి పోతున్న కుర్రవాడి చెయ్యి కనిపించింది. వెయ్యిసార్లు నేర్చుకున్న చెయ్యే. భయంలో అది నేర్చుకోనట్టే పోయింది. నీళ్ళు తిప్పకురా అని ఆవిరయ్య అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు. లోపలివాడికి వినపడిందో లేదో ఎవరికీ తెలియదు.

గదిని అంత దూరంగా ఎందుకు కట్టారో ఆ సాయంత్రం అందరికీ తెలిసింది. మందపాటి గోడలు నిలబడ్డాయి. వాకిట్లో ఉన్నవాళ్ళకు గీతలు తప్ప ఏమీ కాలేదు. ఆవిరయ్యకు చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి, మిగిలిన చెవి కూడా పోయింది. తమ్ముణ్ణి ఆమెకు చూపించలేదు. చూడకమ్మా అన్నారు. ఆమె ఆ కొత్త చొక్కా గుండీ ఒకటి దొరుకుతుందేమోనని రెండు రోజులు ఆ వాకిట్లో వెతికింది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఏదైనా చప్పుడు విన్నారా అని అందరినీ అడిగాడు. ఇస్త్రీ గదిలోవాళ్ళకు ఆ చప్పుడుకీ ఈ చప్పుడుకీ తేడా తెలియదు, లేదన్నారు. వదిన అక్కడ పనిచేసే మనిషి కాదు, టీ తెచ్చే మనిషి. ఆమెను ఎవరూ అడగలేదు. ప్రశ్నలు కాగితం మీద రాసి చూపిస్తే ఆవిరయ్య నోటితోనే జవాబు చెప్పాడు. తెరిచింది నేను, మూశారో లేదో చూడకుండా వెళ్ళింది నేను, చనిపోయినవాడి తప్పు లేదు అన్నాడు. ఎందుకు వెళ్ళావని రాశారు. సందెకి అన్నాడు. నువ్వు అయిదారు నెలలుగా వెళ్ళడం లేదట కదా, ఆ రోజే ఎందుకు వెళ్ళావని రాశారు. దానికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె అదంతా చూసింది. ఆయన ఆమెవైపు చూడలేదు. ఉద్యోగం పోయింది.

మూడేళ్ళు గడిచాయి. లాండ్రీలో కొత్త బాయిలర్ వచ్చింది, ఆరుగంటల కూత మళ్ళీ వినపడసాగింది. ఆమెకు వినపడేది, ఆయనకు కాదు. ఆ వేళకు ఆయన ముందుగదిలో కిటికీ పక్కన కూర్చునేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. పెదవులు బాగా కనపడేలా మెల్లగా మాట్లాడేది. ఆయన కళ్ళార్పకుండా చూసి, అందుకుని, జవాబిచ్చేవాడు. అలా ఒకరకంగా సంసారం నడిచింది.

ఒక సాయంత్రం ఏమీ లేకుండానే ఆయన అడిగాడు.

"ఆ రోజు నువ్వు చివర నిలబడ్డావు. గుంట పక్కన."

ఆమె తల ఊపింది.

"చప్పుడు వచ్చిందా?"

లేదని చెప్పవచ్చు. ఆయనకు తేల్చుకునే దారి లేదు. లేదంటే నమ్మేవాడు, ఆమె మాట ఆయన ఎన్నడూ తీసేయలేదు. ఆమె చేట పక్కన పెట్టి, ముఖం వెలుతురువైపు తిప్పింది.

"వచ్చింది."

"ఎంతసేపు?"

"నేను పిలిచినప్పట్నుంచి. వాడు లోపలికెళ్ళేదాకా."

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు, మాట ఇంకేదైనా మిగిలి ఉందేమో అని. ఇంకేమీ మిగల్లేదు. కిటికీలో వెలుతురు తగ్గుతోంది.

"వాడికి చెప్పాల్సింది," అన్నాడు. నాకు చెప్పాల్సింది అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఆవిరయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. పెట్టింది తిన్నాడు, అందించిన చొక్కా వేసుకున్నాడు, జబ్బు చేస్తే మందు మింగాడు. కానీ ఆమె ముఖం చూడటం మానేశాడు. ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంటే కంచంవైపు చూసేవాడు, కిటికీవైపు చూసేవాడు. ఆయన చూస్తేనే కదా ఆమె మాట ఆయనకు చేరేది. బతికిన ఆ మిగతా తొమ్మిదేళ్ళూ ఆమె ఏం చెప్పినా చెప్పనట్టే అయింది.